చెక్క తొడుగు (బయటి గోడ)

చెక్క తొడుగు అనగా కట్టడపు బయటి గోడలపై వరుసగా బిగించే చెక్క పలకల పొర. నార్వే, అమెరికా వంటి దేశాలలో ఇది పాత పద్ధతి. అక్కడ గోడ కూడా తరచు చెక్క చట్రమే కనుక వానను ఆపే భారం తొడుగుపైనే ఉంటుంది. సికింద్రాబాదులోని మెట్టుగూడ వంటి ప్రాంతాలలో గోడలను ఇటుకలతోనో, సిమెంటు దిమ్మెలతోనో కడతారు. అందువలన ఇక్కడ తొడుగు చాలవరకు ఇంటి ముందుభాగపు అలంకారానికే పరిమితం. అయితే సరిగా బిగించని తొడుగు వెనుక చెమ్మ, చెదలు ఏళ్ళ తరబడి కంటబడకుండా పెరుగుతాయి.

చెక్క

టేకు శ్రేష్ఠమైనది. ఆదిలాబాదు అడవులు దీనికి ప్రసిద్ధి. చేవ భాగాన్ని మాత్రమే వాడాలి. చేవ చుట్టూ ఉండే తెల్లచెక్క టేకుదైనా సరే చెదల పాలవుతుంది. పలకలు బాగా ఆరినవై ఉండాలి. చెక్కలో ఉండదగిన తేమను భారత ప్రమాణం ఐ.ఎస్. 287 ప్రాంతాన్ని బట్టి నిర్దేశిస్తుంది. ఇక్కడ మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, జూన్‌లో వానలు మొదలవుతాయి. ఆ ఎండకు కుంచించుకున్న పలకే ఆ వానకు ఉబ్బుతుంది. ఈ మార్పు పొడవులో దాదాపు ఉండదు, వెడల్పులోనే ఉంటుంది. కావున సన్నని పలకలే మేలు.

బిగించే విధానం

గోడకు గిలాబు చేసి, నీళ్ళు కొట్టడం పూర్తయి, గోడ పూర్తిగా ఆరిన తరువాతనే ఈ పని చేపట్టాలి. గృహప్రవేశ ముహూర్తం దగ్గరపడినదని తడి గోడపై పలకలు బిగించడం తరచు జరిగే పొరపాటు. పలకలను నేరుగా గోడకు కొట్టరాదు. ముందుగా సుమారు 25 మిల్లీమీటర్ల మందం గల రీపర్లను నిలువుగా బిగించి, వాటిపై పలకలను అడ్డంగా అమర్చాలి. వెనుక ఏర్పడిన సందులో గాలి ఆడి, లోనికి చేరిన నీరు క్రిందికి జారిపోతుంది. సందు అడుగున, పైన తెరచి ఉంచి, పురుగులు దూరకుండా జాలీ బిగిస్తారు. పలకలు నిలువుగా కావాలంటే నిలువు రీపర్లపై మరొక వరుస అడ్డ రీపర్లు అవసరం. లేనియెడల అడ్డ రీపర్లే నీటికి ఆనకట్టలవుతాయి.

పలకకూ పలకకూ నడుమ కొద్ది ఎడం ఉండాలి. అడుగు పలక నేలకు కనీసం 150 మిల్లీమీటర్ల ఎత్తున ఉండాలి. అప్పుడు చిందిన వాన తగలదు, చెదల మట్టిగొట్టాలు కంటబడతాయి. కోసిన కొనలు నీటిని ఎక్కువగా పీల్చుతాయి కనుక బిగించే ముందే వాటికి నూనె గాని, రంగు గాని పూయాలి. స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువి కావాలి. నల్లమద్ది వంటి వగరు చెక్కలో మామూలు ఇనుము నల్లని మరకలు దింపుతుంది.

జాగ్రత్తలు

వెనుక సందు మంటకు పొగగొట్టం వలె పనిచేస్తుంది. అందుచేత ప్రతి అంతస్తు వద్ద మంటను ఆపే అడ్డు పెట్టాలి. ఇళ్ళు దగ్గరగా ఉన్నచోట పొరుగు ఇంటి వైపు గోడకు చెక్క వాడకపోవడమే మంచిది. రాగి, క్రోమియం, ఆర్సెనిక్ లవణాలు పట్టించిన చెక్క ముక్కలను పొయ్యిలో గాని, భోగి మంటలో గాని వేయరాదు. ఆ పొగ, బూడిద విషపూరితం.

నూనె పూయని టేకు ఎండకు క్రమంగా బూడిద రంగుకు మారుతుంది. ఇది పైపొర మార్పే గాని చెక్క బలానికి హాని కాదు. పాత రంగు నిలవాలంటే మాత్రం నూనెను మళ్ళీ మళ్ళీ పూయవలసి ఉంటుంది.