అరగంటలో పండే నలుపు

'లెజెండ్' సినిమాలో జగపతిబాబు నెరిసిన జుట్టుతో విలన్‌గా దిగితే ఈలలేశాం. అది 2014. ఇంటికొచ్చి అద్దంలో మన తెల్ల వెంట్రుక ఒక్కటి చూసుకుంటే మాత్రం ప్రాణం ఉసూరుమంటుంది. మా ఫిల్మ్ నగర్‌లో మరీనూ!

మొన్న మా మనవరాలు దైవసన్నిధానం గుడి నుంచి వస్తూ ఓ హెల్త్ స్టోర్‌లో దూరి, నాకోసం ఆకుపచ్చ ప్యాకెట్ తెచ్చింది. "బ్లాక్ హెన్నా తాతయ్యా! అంతా ఆకులేనట. అరగంటలో నలుపు."

ఆ అరగంట దగ్గరే నాకు అనుమానం వచ్చింది.

"అట్లతద్దికి గోరింటాకు పెట్టుకుంటావు కదమ్మా, ఎప్పుడైనా నల్లగా పండిందా?"

పండదు. ఆ ఆకులోని రంగు పేరు లాసోన్. గోరైనా వెంట్రుకైనా కెరటిన్ అనే ప్రోటీనే. లాసోన్ దాన్ని పట్టుకుంటే ఓ పట్టాన వదలదు గానీ, ఇచ్చేది ఎరుపే. మా ఆవిడ ఇనప మూకుట్లో టీ డికాక్షన్, ఉసిరిపొడి కలిపి రాత్రంతా నానబెట్టేది. వాటిలోని టానిన్లు ఇనుముతో కలిస్తే నల్లబడతాయి. వెనకటికి సిరా చేసిన కిటుకూ అదే. అంత చేసినా జుట్టుకు వచ్చేది ముదురు ఎరుపే.

ఆకులతోనే నలుపు కావాలంటే గోరింటాకు తరవాత నీలి ఆకు పట్టించాలి. నీలిరంగు ఆకులో తయారుగా ఉండదు. తడి తగిలాక పుట్టి, గాలి సోకితే నీలంగా మారుతుంది. గంటల పని. మొదట పచ్చపచ్చగా కనిపించి భయపెడుతుంది కూడా, మర్నాటికి గాని ముదరదు. ఒకే ప్యాకెట్, ఒకే పూత, అరగంటలో కాటుక నలుపంటే అందులో ఆకు కాని చుట్టమెవరో ఉన్నట్టే.

ప్యాకెట్ తిప్పి భూతద్దం పెట్టాను. చీమతలకాయంత అక్షరాల్లో దొరికాడు చుట్టం: పారాఫినైలిన్‌డయమిన్, పొట్టిగా పిపిడి. 1907లో పారిస్‌లో షూలర్ అనే కెమిస్టు హెయిర్ డై తయారుచేసి అమ్మడం మొదలుపెట్టాడు, లోరియల్ కంపెనీకి అదే మొదలు. ఇలాంటి రంగుల్లో పిపిడిదే పెద్దపీట. రంగులేని చిన్న అణువులు వెంట్రుకలో దూరి, అక్కడ ఆక్సిజన్ అందగానే ఒకదానితో ఒకటి ముడిపడి పెద్ద నల్లటి అణువులవుతాయి. పిందెగా సీసాలో దూర్చిన దోసకాయ పెరిగాక బయటికి రానట్టే, అవీ అక్కడే ఉండిపోతాయి. అమోనియా లేదని రాసినంత మాత్రాన పిపిడి లేదని కాదు సుమా! అవి రెండూ వేరు.

చాలామందికి ఏమీ కాదు. పడనివాళ్ళకు మాత్రం మాడు దురద, పొక్కులు, కళ్ళు మూసుకుపోయేంత వాపు. "పదేళ్ళుగా వేసుకుంటున్నా" అనే ధీమా కూడా పనికిరాదు, పదకొండో ఏడు పడకపోవచ్చు. ఐరోపాలో తలకు పెట్టే రంగులో పిపిడి 2 శాతం మించకూడదు. మన దేశంలోనూ ఇలాంటి డబ్బాల మీద ముందు చర్మంపై పరీక్షించుకోమనీ, కనుబొమలకూ రెప్పలకూ వాడితే చూపు పోవచ్చనీ అచ్చువేయాలని నిబంధన ఉంది. ఊరికే పెట్టలేదది. 1930లలో అమెరికాలో లాష్ లూర్ అనే కనురెప్పల రంగుతో ఒకామెకు చూపు పోయింది, మరొకామె ప్రాణమే పోయింది. అందులో ఉన్నదీ పిపిడియే. తలకు వేసుకుని, మిగిలింది కనుబొమలకు రాసుకునే మన మగమహారాజులకు ఈ సంగతి చెప్పాలి.

"అయితే ఆకే మంచిదన్నమాట!" అంది మనవరాలు. చాలావరకు అంతే. కానీ జి6పిడి అనే ఎంజైము లోపం ఉన్న పసిపిల్లల ఒంటికి గోరింటాకు పట్టిస్తే, లాసోన్ రక్తకణాలనే చిట్లించగలదు. ఆకు కూడా రసాయనాల మూటే కదా!

"మరి ఈ ప్యాకెట్?"

"వాడేవాళ్ళకిస్తే చెవి వెనక కాస్త రాసి 48 గంటలు ఆగమను. చేతికి గ్లవ్స్ వేసుకోమను. అందాకా పిల్లలకందని చోట దాచు, నోట్లోకి పోతే గొంతు వాచి ఊపిరాడదు, కిడ్నీలూ దెబ్బతింటాయి."

"నీకేం వేయమంటావు?"

"గోరింటాకు పొడే నానబెట్టు. ఎక్కువొద్దు, నా తలకు రెండు చెంచాలు చాలు."