కనకమామిడి ఓటు రాష్ట్రపతి భవన్ దాకా

రంగారెడ్డి జిల్లా మొయినాబాద్ మండలంలోని కనకమామిడి ఓటరు శాసనసభకు ఒకసారి, లోక్‌సభకు ఒకసారి ఓటు వేస్తాడు గాని, రాష్ట్రపతిని నేరుగా ఎన్నుకొనే అవకాశం అతనికి లేదు. అయితే అతడు గెలిపించిన చేవెళ్ల ఎమ్మెల్యే, చేవెళ్ల ఎంపీ ఇద్దరూ ఆ ఎన్నికలో ఓటర్లే కనుక, అతని తీర్పు ఒక మెట్టు ఎక్కి ఢిల్లీ చేరుతుంది. ఆ మెట్టు దగ్గర లెక్కింపు పద్ధతి పూర్తిగా మారిపోతుందన్న సంగతి మాత్రం అంతగా ప్రచారంలో లేదు.

కింది మెట్టున నియమం సరళమైనది. బరిలో ఎందరున్నా, అందరికన్నా ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవారు గెలిచినట్టే. పోలైన ఓట్లలో సగం రావలసిన పని లేదు. ఎస్సీలకు రిజర్వు అయిన చేవెళ్ల శాసనసభ స్థానంలో 2023లో కాలె యాదయ్య గెలిచింది 268 ఓట్ల తేడాతో. లోక్‌సభకూ ఇదే పద్ధతి, కాకపోతే పరిధి పెద్దది: 2008 పునర్విభజనతో ఏర్పడిన చేవెళ్ల లోక్‌సభ స్థానంలో చేవెళ్లతో పాటు మహేశ్వరం, రాజేంద్రనగర్, శేరిలింగంపల్లి, పరిగి, వికారాబాద్, తాండూరు సెగ్మెంట్లున్నాయి. 2014లో టీఆర్‌ఎస్ పక్షాన ఇక్కడ గెలిచిన కొండా విశ్వేశ్వర్ రెడ్డి 2024లో బీజేపీ పక్షాన గెలిచారు.

పై మెట్టున రాజ్యాంగం 54, 55 అధికరణాలు అమలులోకి వస్తాయి. పార్లమెంటు ఉభయసభల సభ్యులు, రాష్ట్రాల శాసనసభ్యులు, ఢిల్లీ, పుదుచ్చేరి శాసనసభ్యులు కలిసి ఎలక్టోరల్ కాలేజీగా, అంటే రాష్ట్రపతిని ఎన్నుకొనే ఓటర్ల సమూహంగా ఏర్పడతారు. ఎన్నికైన సభ్యులకే ఇందులో ఓటు, నామినేట్ అయినవారికి లేదు. శాసనమండలి సభ్యులకైతే అసలే లేదు. రాష్ట్ర జనాభాను ఎమ్మెల్యేల సంఖ్యతో భాగించి, వచ్చినదాన్ని మళ్లీ వెయ్యితో భాగిస్తే ఒక్కొక్క ఎమ్మెల్యే ఓటు విలువ తేలుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 148గా ఉన్న ఈ విలువ విభజన తరువాత తెలంగాణలో 132గా, ఆంధ్రప్రదేశ్‌లో 159గా మారింది. ఉత్తరప్రదేశ్‌లో అది 208, సిక్కింలో 7 మాత్రమే. దేశంలోని ఎమ్మెల్యేల ఓట్ల విలువ మొత్తాన్ని ఎన్నికైన ఎంపీల సంఖ్యతో భాగించగా 2022లో ఎంపీ ఓటు విలువ 700 వచ్చింది. ఆ లెక్కన చేవెళ్ల ఎంపీ ఓటు కన్నా, ఆ లోక్‌సభ స్థానంలోని ఏడుగురు ఎమ్మెల్యేల ఓట్లు కలిపితే వచ్చే 924 ఎక్కువే.

ఇక్కడ మొదటి స్థానంలో నిలిచినంత మాత్రాన చాలదు. చెల్లిన ఓట్ల విలువలో సగానికి మించి రావాలి. అందుకే బ్యాలెట్ మీద అభ్యర్థులకు ఒకటి, రెండు, మూడు అని ప్రాధాన్యాలు ఇస్తారు. ఎవరికీ సగం దాటకపోతే అందరికన్నా వెనుకబడినవారిని తొలగించి, వారి ఓట్లను తరువాతి ప్రాధాన్యం ప్రకారం మిగిలినవారికి బదిలీ చేస్తారు. ఈ బదిలీ ఎంత ఉత్కంఠ రేపగలదో 1969లో ఇద్దరు తెలుగువారి పోటీ చూపింది. కాంగ్రెస్ అధికార అభ్యర్థి నీలం సంజీవరెడ్డిపై స్వతంత్రుడిగా నిలిచిన వి.వి. గిరికి మొదటి ప్రాధాన్యంలో 4,01,515 రాగా రెడ్డికి 3,13,548 మాత్రమే వచ్చాయి. అయినా గెలుపుకు 4,18,169 కావలసి ఉండడంతో గిరి ఆగిపోయారు. మూడో స్థానంలో ఉన్న సి.డి. దేశ్‌ముఖ్ తదితరుల ఓట్లు బదిలీ అయ్యేసరికి ఎక్కువ భాగం రెడ్డికే చేరాయి గాని, చివరికి 4,20,077 – 4,05,427 తేడాతో గిరే గట్టెక్కారు. చేవెళ్ల పద్ధతిలో లెక్కించి ఉంటే ఆ ఎన్నిక మొదటి లెక్కకే ముగిసేది. అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటు వేయమన్న ఇందిరాగాంధీ పిలుపు ఫలించడానికి ఓటు రహస్యం కావడం, ఈ ఎన్నికలో పార్టీలు విప్ జారీ చేయలేకపోవడం తోడ్పడ్డాయి. ఓడిన సంజీవరెడ్డి 1977లో పోటీ లేకుండానే రాష్ట్రపతి అయ్యారు.

ఈ లెక్కలో వాడే జనాభా నేటిది కాదు, 1971 నాటిది. కుటుంబ నియంత్రణలో ముందున్న రాష్ట్రాలు నష్టపోరాదని 42వ సవరణ దాన్ని స్తంభింపజేయగా, 2026 తరువాతి తొలి జనగణన వివరాలు వెలువడేవరకు 84వ సవరణ ఆ గడువును పొడిగించింది. ఉద్దేశం మంచిదే గాని ఫలితం విచిత్రం: 1971లో మాదాపూర్, కొండాపూర్ పల్లెలు, ఇప్పుడు అవి ఉన్న శేరిలింగంపల్లిలో ఓటర్లే 7 లక్షలు దాటారు, అయినా అక్కడి ఎమ్మెల్యే ఓటు విలువా 132, అంతకన్నా ఎంతో తక్కువ ఓటర్లున్న చేవెళ్ల ఎమ్మెల్యే ఓటు విలువా 132. 1971 జనగణనలో కృష్ణా, గుంటూరు జిల్లాల్లో లెక్కకెక్కి, తరువాత శేరిలింగంపల్లిలో స్థిరపడి తెలంగాణలో ఓటు వేస్తున్నవారు సైతం రాష్ట్రపతి ఎన్నికలో నేటికీ ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యేల 159లోనే భాగం.