గొంతు పాలమూరుది, హక్కు ఎవరిది?

తెలంగాణలో కవులు లేరన్న నిందకు జవాబుగా 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక'ను వెలువరించిన సురవరం ప్రతాపరెడ్డి నేటి జోగులాంబ గద్వాల ప్రాంతీయులు. ఉన్నవారు లోకానికి కనిపించకపోవడమే ఆనాటి చిక్కు కాగా, 2016 అక్టోబరులో పాలమూరు, అనగా ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా, నుంచి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు ఏర్పడేనాటికి చౌక డేటాతో సెల్‌ఫోన్ ఆ చిక్కును చాలావరకు విప్పింది. కనిపించడం బతుకుదెరువుగా మారుతుందా అన్నది ఇప్పుడు మిగిలిన ప్రశ్న.

టీవీ కార్యక్రమాన్ని తన మాటతో నడిపించే వ్యాఖ్యాత, అనగా యాంకర్, చాలాకాలం పుస్తకాల తెలుగుకు దగ్గరగా మాట్లాడవలసి వచ్చింది. వీ6 ఛానల్ 'తీన్మార్ వార్తలు' తెలంగాణ యాసనే పెట్టుబడిగా చేసుకుని బిత్తిరి సత్తి, మంగ్లీ వంటివారిని ఇంటింటికీ పరిచయం చేయగా, జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి 'మై విలేజ్ షో' స్టూడియో లేకుండానే యూట్యూబ్‌లో అదే పని చేసి, గంగవ్వ అనే పల్లెటూరి వృద్ధురాలిని తారను చేసింది. యాసను దిద్దుకోనక్కరలేదన్న ధైర్యం పాలమూరు యువతకు ఈ రెండింటి వల్లనే కలిగిందని చెప్పవచ్చు.

అయితే వీడియో పెట్టగానే డబ్బు రాదు. ప్రకటనల రాబడిలో వాటా ఇచ్చే ఏర్పాటును మానిటైజేషన్ అంటారు. యూట్యూబ్‌లో అది దక్కాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లతో పాటు ఏడాదిలో 4,000 గంటల వీక్షణ గానీ, షార్ట్స్ అనే చిన్న వీడియోలకు 90 రోజుల్లో కోటి వీక్షణలు గానీ ఉండాలి. అర్హత వచ్చాక పెద్ద వీడియోలపై ప్రకటనల రాబడిలో 55 శాతం వీడియో చేసిన క్రియేటర్‌కు చేరుతుంది. పూర్వం గద్వాల, వనపర్తి సంస్థానాధీశులు అవధానులను సభలో విని సత్కరించేవారు. నేటి పోషకుడైన ప్రకటనదారు మాత్రం ఎవరికి సొమ్ము చెల్లిస్తున్నాడో తానే ఎరుగడు.

ప్రచారం ఎంత దూరం తీసుకుపోగలదో నాగర్‌కర్నూల్ జిల్లాలోని కొల్లాపూర్ చూపింది. చదివినా ఉద్యోగం లేక బర్రెలు కాస్తున్నానని ఒక చిన్న వీడియోలో చెప్పి 'బర్రెలక్క'గా పేరుపొందిన కర్నె శిరీష 2023 శాసనసభ ఎన్నికల్లో అక్కడ స్వతంత్ర అభ్యర్థిగా నిలబడగా, రాష్ట్రమంతా ఆమె గురించి మాట్లాడుకున్నప్పటికీ పడిన ఓట్లు 5,754 మాత్రమే. చూసేవాడు వేరు, ఓటేసేవాడు వేరు. చూసేవాడు, డబ్బిచ్చేవాడు కూడా అంతే వేరు.

ఇంతకంటే కఠినమైన ఉదాహరణ నాగర్‌కర్నూల్ జిల్లాకే చెందిన దర్శనం మొగులయ్యది. సొరకాయ బుర్రలు, వెదురుతో చేసే పన్నెండు మెట్ల కిన్నెరను మీటుతూ పండుగ సాయన్న వంటి వీరుల కథలు పాడే ఆయన గొంతు 2021లో 'భీమ్లా నాయక్' సినిమా పాటతో కోట్ల మందికి చేరింది. 2022లో పద్మశ్రీ వరించింది. 2024 మే నెలలో మాత్రం ఆయన హైదరాబాద్ శివారులో కట్టడం పనికి కూలీగా వెళ్తున్న దృశ్యాలు పత్రికలకెక్కాయి. పాట వినిపించినంత కాలం పాడినవాడికి ఆదాయం తప్పక వస్తుందన్న నమ్మకాన్ని ఈ ఒక్క జీవితం చెరిపివేస్తుంది. ప్రభుత్వాల సాయం అవసరమే కానీ, అది వృత్తికి ప్రత్యామ్నాయం కాజాలదు.

అయినా పాడినవారికి చట్టంలో హక్కు లేకపోలేదు. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ ప్రకారం, ప్రదర్శనను వాణిజ్యానికి వాడినప్పుడు రాయల్టీ, అనగా వాడకం మీద వచ్చే వాటా, పొందే హక్కు ప్రదర్శకుడికి ఉంది. జానపద పాట ఎవరి సొత్తూ కాకపోయినా దానిని పాడిన ఆ గొంతు, ఆ ప్రదర్శన పాడినవారివే. కనుక గద్వాల కోట ముందు, శ్రీశైలం జలాశయపు వెనుక నీటి అంచున సోమశిల ఒడ్డున ఫోన్ పట్టుకున్న యువత, ఛానల్‌కు పేరు పెట్టుకునే ముందే పాట ఎవరి పేర నమోదవుతుందో, వాటా ఎంతో కాగితం మీద రాయించుకోవాలి.