పేరడిగిన చోట కాపలా

2017 మే 12వ తేదీన ప్రపంచమంతట కంప్యూటర్లను స్తంభింపజేసిన ‘వన్నాక్రై’ అను క్రిమి మన ప్రాంతమును కూడ విడిచిపెట్టలేదు. ఫైళ్లకు తాళము వేసి, తాళపుచెవికి బిట్‌కాయిన్ల రూపములో వెల అడుగుట దాని పని. ఆంధ్రప్రదేశ్‌లో గుంటూరు, కృష్ణా, చిత్తూరు, విశాఖపట్నము, శ్రీకాకుళము జిల్లాలకు చెందిన 18 పోలీసు విభాగముల కంప్యూటర్లు దాని వాత పడినట్లు ఆనాడు వార్తలు వెలువడినవి. తెనాలి, బాపట్ల, రేపల్లె మూడును అప్పటికి గుంటూరు జిల్లాలోనివే. బాపట్ల, రేపల్లె కొత్త బాపట్ల జిల్లాలో చేరినది 2022 ఏప్రిల్ 4న.

ఆ క్రిమికి ఒక వింత అలవాటు ఉండెడిది. ఒక కంప్యూటరులో ప్రవేశించిన వెంటనే అది అర్థము పర్థము లేని అక్షరములతో కూర్చిన ఒక పొడవైన వెబ్ చిరునామాను పలుకరించును. అటునుండి జవాబు వచ్చినచో తన పని మానుకొని వెడలిపోవును. జవాబు రానిచో ఫైళ్లకు తాళము వేయ మొదలిడును. బ్రిటన్‌కు చెందిన మార్కస్ హచిన్స్ అను యువ పరిశోధకుడు ఆ పేరు ఎవరి పేరిటను నమోదు కాలేదని గమనించి, సుమారు 10 డాలర్లు చెల్లించి అదే రోజున దానిని నమోదు చేయించినాడు. వ్యాప్తి చాల వరకు ఆగినది.

మేము విద్యార్థులకు చెప్పదలచిన విషయము ఇచ్చట మొదలగుచున్నది. ఆ పేరు క్రిమికి సంబంధించినది కనుక ‘చెడ్డ పేర్ల’ జాబితాలో చేర్చి అడ్డగించవలెనని ఎవరికైనను తోచును. అట్లు అడ్డగించిన చోట క్రిమికి జవాబు అందదు. అందనందున అది విజృంభించును. అందువలన ఆ ఒక్క పేరును మాత్రము అడ్డగింపవద్దని భద్రతా నిపుణులు ఆ దినములలో పదే పదే చెప్పవలసి వచ్చినది. రక్షణకొరకు వ్రాసిన పట్టికలో ఒక్క పంక్తి తప్పుగా పడినచో అది రక్షణ చేయకపోవుటయే కాక, శత్రువుకు తోడ్పడును. డి.ఎన్.ఎస్. భద్రతా ప్రొఫైలు అనబడు అట్టి పట్టికను పైథాన్ ప్రోగ్రాము ద్వారా ఎట్లు నిర్వహింతురో వివరించుటకు ఈ వ్యాసము.

ముందుగా డి.ఎన్.ఎస్. సంగతి. కంప్యూటర్లు ఒకదానినొకటి అంకెలతో పిలుచుకొనును. మనుష్యులకు పేర్లు కావలెను. అమెరికాలో అర్పానెట్ నడచిన తొలినాళ్లలో పేర్లకును అంకెలకును పొత్తు కుదుర్చు పట్టిక ఒకే ఒక్క ఫైలుగా ఉండెడిది. స్టాన్‌ఫోర్డ్ పరిశోధనా సంస్థలో ఎలిజబెత్ ఫైన్‌లర్ నడిపిన కార్యాలయము దానిని కాపాడెడిది. యంత్రముల సంఖ్య పెరుగగా ఆ పద్ధతి మోయలేని భారమైనది. 1983లో పాల్ మొకపెట్రిస్ ఆ పట్టికను ముక్కలు చేసి, ఏ శాఖ పేర్లను ఆ శాఖయే చూచుకొనునట్లు ఏర్పాటు చేసినాడు. నేడు మనము ఒక పేరు టైపు చేయగానే ఆ ప్రశ్న మొదట మూలసర్వరును, పిదప ఆయా శాఖల సర్వర్లను చేరి, అంకెతో తిరిగివచ్చును. తరచుగా ఈ ప్రయాణమునకు సెకనులో పదవ వంతు కూడ పట్టదు.

మన కళాశాల పాఠకులకు ఇచ్చట ఒక ముచ్చట చెప్పకుండ ఉండలేము. 2011లో ఈ పేర్ల వృక్షములో భారతదేశమునకు ‘ఇన్’ అను శాఖతోపాటు దేశభాషల శాఖలు ఏడు చేరినవి. వానిలో తెలుగు లిపిలోని ‘భారత్’ ఒకటి, ఉర్దూ లిపిలోనిది మరియొకటి. రెండు భాషల విద్యార్థులును తమ తమ లిపిలోనే చిరునామా వ్రాయవచ్చును. కాని తీగ మీద ప్రయాణించునది ఆ లిపి కాదు. ‘ఎక్స్’, ‘ఎన్’, రెండు అడ్డగీతలు ముందుంచుకొని, ఆంగ్లాక్షరములతోను అంకెలతోను కూర్చిన మారురూపము ప్రయాణించును. దీని అవసరము ముందు కనబడును.

కంప్యూటరు ఏ పని చేయవలెనన్నను, మంచిదైనను చెడ్డదైనను, సాధారణముగా ముందు పేరు అడుగవలసినదే. కావున ఆ అడిగెడి చోటనే కాపలా పెట్టుట చౌకయైన ఉపాయము. ఫైరువాల్ గుండా పోవు ప్రతి పేరును ఒక జాబితాతో పోల్చి, ఇది ఏ తెగకు చెందినది, దీనిని ఏమి చేయవలెను అని నిర్ణయించు పత్రమునే ప్రొఫైలు అందురు. మేము ఉదాహరణగా తీసికొన్నది పాలో ఆల్టో నెట్‌వర్క్స్ అను సంస్థవారి స్ట్రాటా క్లౌడ్ మేనేజరు. ఇది చందా చెల్లించవలసిన సేవ యని కమిటీవారు గమనింతురు గాక. అందులో పేర్లను తెగలుగా విభజించినారు: క్రిమి తన యజమానితో మాటలాడు పేర్లు, క్రిములను పంచిపెట్టు పేర్లు, మోసపు లేఖల పేర్లు, అంకె మాటిమాటికి మారు పేర్లు, దొంగదారి చూపు ప్రాక్సీలు, ఖాళీగా నిలిపి ఉంచిన పేర్లు, ప్రకటనల వెంబడింపు, సందేహాస్పదములు, కొత్తగా నమోదైనవి. ఒక్కొక్క తెగకు నాలుగు చర్యలలో ఒకటి వ్రాయవలెను: సంస్థవారి నిర్ణయమునకు వదలుట, పోనిచ్చుట, ఆపుట, ‘సింక్‌హోల్’ చేయుట.

ఈ నాలుగవదానిని కొంత వివరింపవలెను. కృష్ణా పశ్చిమ డెల్టాలో పుట్టిపెరిగిన వారికి ఇది తేలికగా బోధపడును. నీరు ఎక్కువైనప్పుడు లస్కరు తలుపు దించి ఊరుకొనడు. మురుగు కాలువలోనికి మళ్లించును. అట్లే సింక్‌హోల్ అనగా అడిగిన పేరుకు నిజమైన అంకెకు బదులు మనము నిర్ణయించిన మరియొక అంకెను జవాబుగా ఇచ్చుట. ఆపినను పని జరుగును గదా, మళ్లించుట ఎందులకు? కళాశాలలో సాధారణముగా విద్యార్థుల కంప్యూటర్లు పేర్లను లోపలి డి.ఎన్.ఎస్. సర్వరును అడుగును, ఆ సర్వరు వారి తరఫున బయట అడుగును. ఫైరువాల్ లాగులో కనబడునది ఆ సర్వరు ఒక్కటే. యాభై కంప్యూటర్లలో ఏది జబ్బుపడినదో తెలియదు. సింక్‌హోల్ అంకెను జవాబుగా పొందిన కంప్యూటరు మాత్రము తరువాత తానే ఆ అంకెను చేరబోవును. అప్పుడు దాని సొంత చిరునామా లాగులో పడును. దొంగ తన కాళ్లతో తానే ఠాణాకు నడచి వచ్చినట్లు. ఇందులో కొత్తవారు చేయు పొరపాటు ఒకటి ఉన్నది. సింక్‌హోల్ అంకెగా 127.0.0.1 వ్రాయుటకు వీలున్నది. అది ‘నాకు నేనే’ అను అర్థము గల అంకె. అట్లు వ్రాసినచో కంప్యూటరు తనతో తానే మాటలాడుకొనును, ఫైరువాల్ వరకు రానే రాదు, దొంగ చిక్కడు. ప్రమాదము తప్పునుగాని రోగి ఎవరో తెలియదు.

ఇక ప్రోగ్రాము సంగతి. ఒక కళాశాలకు తెనాలిలో ప్రయోగశాల, బాపట్లలో వసతిగృహము, రేపల్లెలో శాఖ ఉన్నవనుకొందము. మూడు చోట్ల అవసరములు వేరు. ఒకరు తెర ముందు కూర్చుండి తొమ్మిది తెగలకు మూడు చోట్ల చర్యలు నొక్కుకొనుచు పోయినచో ఇరువది ఏడు నిర్ణయములైనవి. వానిలో ఏది ఎవరు ఎందుకు నొక్కినారో మరుసటి సంవత్సరము చెప్పగలవారు ఉండరు. పైథాన్ లైబ్రరీని ఉపయోగించుటకు త్వరగా పని ముగియుట కారణముగా చెప్పుదురు. మాకు మాత్రము అది చిన్న కారణము. నిర్ణయములన్నియు ఒక ఫైలులో అక్షరరూపమున నిలుచును, నలుగురు చదువుదురు, నిన్నటి ఫైలుకును నేటి ఫైలుకును తేడా చూపవచ్చును. అది అసలు కారణము. కమిటీ సమావేశముల మినిట్సు పుస్తకము చేయు పనియే ఇది చేయును.

ఈ సేవకు పైథాన్‌లో వ్రాసిన లైబ్రరీ పేరు పాన్-ఎస్.సి.ఎం.-ఎస్.డి.కె. దీనికి మూడు వస్తువులు ఇవ్వవలెను: సేవాఖాతా గుర్తు, రహస్యపదము, సంస్థకు కేటాయించిన సంఖ్య. వాని సహాయమున లైబ్రరీ ఒక టోకెను తెచ్చుకొనును. దాని ఆయుర్దాయము 15 నిమిషములు. రహస్యపదమును ప్రోగ్రాములోనే వ్రాసి ఆ ఫైలును స్నేహితులకు పంచువారిని మేము చూచుచునే ఉన్నాము. దానిని విడిగా ఉంచవలెను.

పిదప ప్రొఫైలును పైథాన్ డిక్షనరీగా వ్రాయుదురు. పేరు, అది ఏ ఫోల్డరుకు చెందినది, తెగలు–చర్యలు, సింక్‌హోల్ అంకెలు, చివర వైట్‌లిస్టు, అనగా ఏమైనను ఆపరాని పేర్ల జాబితా. వైట్‌లిస్టులో ప్రతి పేరు ప్రక్కన వివరణ వ్రాయుటకు చోటున్నది. చాలమంది దానిని ఖాళీగా వదలుదురు. ‘విద్యార్థి వేతనముల పోర్టలు, ఫలానా తేదీ కమిటీ నిర్ణయము’ అని ఒక్క వాక్యము వ్రాయుటకు అర నిమిషము చాలును. భారత్ శాఖలోని తెలుగు, ఉర్దూ చిరునామాలను ఇందులో చేర్చునప్పుడు పైన చెప్పిన మారురూపమును వ్రాయవలెను. తీగ మీద పోవునది అదియే గదా.

క్రియేట్, ఫెచ్, లిస్ట్, అప్‌డేట్, డిలీట్ మున్నగు పనులున్నవి. వీనిలో అప్‌డేట్ దగ్గర గండము ఉన్నది. పేరును బట్టి అది మార్చినంత మేరకే మార్చునని అందరును భ్రమపడుదురు. నిజమునకు అది పాత పత్రమును తీసివేసి మనము పంపిన పత్రమును పూర్తిగా దాని స్థానమున ఉంచును. రేపల్లె ప్రొఫైలులో ప్రకటనల తెగకు మాత్రము చర్య మార్చవలెనని ఆ ఒక్క తెగతో కొత్త డిక్షనరీ వ్రాసి పంపినచో, దానిలో వైట్‌లిస్టు లేదు కనుక ఇంతకు ముందున్న వైట్‌లిస్టు పోవును. తప్పు జరిగినట్లు ఏ సందేశమును రాదు. ప్రోగ్రాము విజయవంతముగా ముగిసినదనియే చెప్పును. వన్నాక్రై పేరు వంటి, ఆపరాని పేరు ఆ జాబితాలో ఉండి ఉన్నచో ఏమగునో పాఠకులు ఊహింపగలరు. అంత దూరము పోనవసరము లేదు. స్కాలర్‌షిప్ గడువు చివరి దినమున పోర్టలు తెరచుకొనకపోయినను చాలును. కావున మొదట ఫెచ్ చేసి ఉన్న పత్రమును తెచ్చుకొని, అందులో మార్చవలసినది మార్చి, మొత్తమును తిరిగి పంపవలెను. పంపుటకు ముందు పాత ప్రతిని ఒక ఫైలులో దాచుకొనుట మంచిది.

ఫోల్డర్లు తల్లి–పిల్ల వరుసలో ఉండును. తెనాలి ఫోల్డరులోని ప్రొఫైళ్ల లిస్ట్ అడిగినచో పై ఫోల్డరు నుండి సంక్రమించినవి కూడ కలిసి వచ్చును. వానిని తెనాలివే యనుకొని దిద్దబోయినచో మూడు ఊళ్లకును మార్పు సోకును. ఆ ఫోల్డరులో పుట్టినవి మాత్రమే కావలెనని లిస్ట్‌కు చెప్పు ఏర్పాటు ఉన్నది, దానిని వాడవలెను. ఇంకొకటి: ఎంత వ్రాసినను కమిట్ చేయనంతవరకు అది చిత్తుప్రతియే. కమిట్ చేసినను, ఆ ప్రొఫైలును ఏదేని భద్రతా నియమమునకు ప్రొఫైలు గ్రూపు ద్వారా జతపరచనిచో అది గోడకు తగిలించిన కాగితము. జతపరచిన దానిని డిలీట్ చేయబోయినచో, ఇతరులు వాడుచున్నారని సర్వరు నిరాకరించును. ఈ నిరాకరణ మాకు నచ్చినది.

ఏ తెగకు ఏ చర్య అనునది ప్రోగ్రామరు ఒక్కడు తేల్చవలసినది కాదు. క్రిముల తెగలకు సింక్‌హోల్ అనుటలో వాదము లేదు. కొత్తగా నమోదైన పేర్ల తెగ చిక్కైనది. ఈ సేవలో గత 32 దినములలో నమోదైన లేక చేతులు మారిన పేర్లు దీని క్రిందికి వచ్చును. నకిలీ స్కాలర్‌షిప్ చిరునామాలు ఈ తెగలో దొరకుటకు అవకాశము ఎక్కువ. ప్రవేశముల కాలమున కొత్తగా తెరచిన నిజమైన చిరునామాలును ఇందులోనే ఉండును. మొదటి నెల పోనిచ్చి లాగులో మాత్రము వ్రాయించి, ఏమి వచ్చినదో కమిటీవారితో కూర్చుండి చూచి, పిదప నిర్ణయించుట మా అభిప్రాయము. లాగు విషయమున కూడ జాగ్రత్త కావలెను. వసతిగృహములో ఏ విద్యార్థి ఏ రాత్రి ఏ పేరు అడిగినాడో అందులో ఉండును. ప్రకటనల తెగకు లాగు అవసరము లేదు. ‘వలదు’ అని వ్రాయుటకు ప్రొఫైలులోనే వీలున్నది. ఆ లాగును చూడదగినవారు ఎవరో కూడ కమిటీ తీర్మానములో ఉండవలెను.

బ్రౌజరులో గుప్తరూపమున పేరు అడుగు ఏర్పాటు 2018లో ప్రమాణమైనది. దానిని వాడు కంప్యూటరు ప్రశ్నలు సామాన్యముగా ఈ కాపలాకు చిక్కవు. దానిని వేరే నియమముతో అరికట్టవలసి ఉండును.

చందా లేని విద్యార్థులు నిరాశ చెందనక్కరలేదు. లైబ్రరీ ఉచితము. పత్రము సరిగా ఉన్నదా యని సరిచూచు భాగము ఖాతా లేకనే, నెట్‌వర్కు లేకనే మన యంత్రములో పనిచేయును. ప్రొఫైలుకు ఫోల్డరు, స్నిప్పెట్, డివైస్ అను మూడింటిలో ఒక్కటే స్థానముండవలెనని నియమము. డిక్షనరీలో ఫోల్డరును డివైసును రెండును వ్రాసి చూడుడు. సర్వరు వరకు పోకముందే తప్పు బయటపడును. ఆ తప్పును దిద్దిన పిదప ఒక తెగకు ‘పోనిచ్చుట’ అను మాటను అక్షరదోషముతో వ్రాసి మరల నడిపింపుడు.