డ్యూ డేట్ యాప్‌ని నమ్మి మోసపోయాం: కుక్కలకు ప్రొజెస్టెరాన్ టెస్ట్ ఎందుకు కావాలంటే

ఫ్రెండ్స్, ఈసారి ఫోన్ రివ్యూ కాదు. ఈ ఆర్టికల్ మా మావయ్య వాళ్ల ల్యాబ్రడార్ చెర్రీ గురించి. వాళ్లుండేది సారపాకలో, గోదావరి బ్రిడ్జి దాటితే భద్రాచలం. చెర్రీ మొదటి డెలివరీ డేట్ లెక్కపెట్టింది నేనే, ఒక ఫ్రీ యాప్‌తో. క్రాసింగ్ అయిన తేదీ ఎంటర్ చేస్తే 63 రోజులు కలిపి డేట్ ఇచ్చేసింది. ఆ రోజు వచ్చింది, నొప్పులు రాలేదు. కంగారుపడి మేమే పట్టుబట్టి సిజేరియన్ చేయించాం. ఐదు పిల్లల్లో మూడు ఊపిరాడక చనిపోయాయి. రోజులు నిండకుండానే బయటికి తీయించామని తర్వాత అర్థమైంది.

యాప్ ఎక్కడ తప్పింది?

కోడ్‌లో బగ్ లేదు. మేమిచ్చిన ఇన్‌పుటే తప్పు. మగకుక్క వీర్యకణాలు ఆడకుక్క కడుపులో ఐదారు రోజులు బతికే ఉంటాయి. అండం విడుదలయ్యాక పక్వానికి రావడానికి ఇంకో రెండు రోజులు పడుతుంది. అందుకే క్రాసింగ్ నుంచి లెక్కేస్తే డెలివరీ 57 నుంచి 72 రోజుల మధ్య ఎప్పుడైనా కావచ్చు. అండం విడుదలైన రోజు నుంచి లెక్కేస్తే మాత్రం 63 రోజులు, ఒక రోజు అటూ ఇటూ. ఆ రోజును పట్టిచ్చేది ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్.

టెస్ట్ ఎలా పనిచేస్తుంది?

ఎద మొదట్లో ఈ హార్మోన్ మిల్లీలీటర్‌కు 1 నానోగ్రామ్ లోపే ఉంటుంది. 2-3కి చేరితే అండం విడుదలకు సిగ్నల్ వెళ్లినట్టు. 5 దగ్గరికి వస్తే విడుదలవుతున్నట్టు. అక్కడి నుంచి రెండు మూడు రోజులు ఆగి క్రాసింగ్ చేయించాలి. ఒక్క రీడింగ్‌తో పని కాదు, రెండు రోజులకోసారి తీసి ట్రెండ్ చూడాలి.

ఇంకో మంచి విషయం, ప్రొజెస్టెరాన్ అణువు మనిషిలోనూ కుక్కలోనూ ఒకటే. అందుకే మనుషుల ల్యాబ్‌లో ఉండే మెషీన్ కూడా దీన్ని కొలవగలదు. ఏడాదిన్నర గ్యాప్ ఇచ్చాక ఈసారి భద్రాచలంలో వెటర్నరీ డాక్టర్ రక్తం తీస్తే, సీరం వేరు చేయించి ఐస్ ప్యాక్‌లో ఖమ్మం పంపాం. రిపోర్ట్ వాట్సాప్‌లో వచ్చేది. ఎద మొదలైన 7వ రోజు 0.8, 9వ రోజు 2.3, 11వ రోజు 5.4. క్రాసింగ్ 13, 15 రోజుల్లో.

డెలివరీ రోజు

ఖమ్మం మాకు వంద కిలోమీటర్ల పైనే. అర్ధరాత్రి నొప్పులొస్తే అడవి దారిలో, సిగ్నల్ లేని చోట ఇరుక్కుంటే అంతే సంగతులు. ఈసారి డేట్ పక్కాగా తెలుసు కాబట్టి 60వ రోజే చెర్రీని కారెక్కించి ఖమ్మంలో పెద్దమ్మ వాళ్లింట్లో దింపాం. 61వ రోజు ప్రొజెస్టెరాన్ 4.1. సిజేరియన్‌కి తొందరపడొద్దని డాక్టర్ చెప్పారు, ఎందుకంటే అది 2 కంటే కిందికి పడితేనే పిల్లలు బయటికి రావడానికి రెడీ అయినట్టు. 62వ రోజు సాయంత్రం 1.6. ఎప్పుడూ 101 దగ్గరుండే టెంపరేచర్ కూడా 98.7 డిగ్రీల ఫారన్‌హీట్‌కి పడిపోయింది. తెల్లారేసరికి ఆరు పిల్లలు, మామూలు డెలివరీనే. అత్తయ్య ఏడ్చేసింది, నేనూ కొంచెం.

ట్రై చేసేముందు

- జెల్ ఉన్న ట్యూబ్ వద్దు, హార్మోన్‌ని జెల్ పీల్చుకుని రీడింగ్ తగ్గొచ్చు. ప్లెయిన్ ట్యూబ్ అడగండి.
- యూనిట్ చూసుకోండి. 1 నానోగ్రామ్ అంటే లీటర్‌కు 3.18 నానోమోల్స్. కలగాపులగం చేస్తే లెక్క మొత్తం తప్పుతుంది.
- మొదటి నుంచి చివరిదాకా ఒకే ల్యాబ్. మెషీన్ మారితే నంబర్లు మారతాయి.
- రిపోర్ట్‌లో ప్రింటయ్యే నార్మల్ రేంజ్ ఆడవాళ్లది, కుక్కకి వర్తించదు. డాక్టర్‌కే చూపించండి.
- ఇది ప్రెగ్నెన్సీ టెస్ట్ కాదు. కడుపు లేకపోయినా ఎద తర్వాత ఈ హార్మోన్ రెండు నెలలు ఎక్కువే ఉంటుంది. కన్ఫర్మ్ కావాలంటే నాలుగు వారాలకు స్కానింగ్, ఎన్ని పిల్లలో తెలియాలంటే 55 రోజుల తర్వాత ఎక్స్‌రే.

పిల్లల్ని అమ్మే ఆలోచనుంటే, 2017 కేంద్ర నిబంధనల ప్రకారం రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మావయ్య అమ్మలేదు, చుట్టాలకే ఇచ్చేశారు.

ఫైనల్‌గా

యాప్ తీసేయక్కర్లేదు. నేను ఇప్పటికీ అదే వాడుతున్నా. కాకపోతే దాంట్లో ఎంటర్ చేసే తేదీ రక్తం చెప్పాలి, మన క్యాలెండర్ కాదు. ఆ తేడా తెలియక మూడు పిల్లల్ని పోగొట్టుకున్నాం. మీకు ఆ పరిస్థితి రాకూడదనే ఇదంతా రాశాను.