కొండ, కడలి, కాంట్రాక్టరు: సిసిలీలో నాలుగు ఊళ్ళు

సిసిలీ అనగానే మనవాళ్ళందరికీ గాడ్‌ఫాదరే గుర్తొస్తాడు. ఇక్కడ లండన్‌లో మా ఆఫీసులోనూ అదే జోకు. దానికి నా జవాబు చివర్లో చెప్తాను.

మధ్యధరా సముద్రంలోకెల్లా పెద్ద దీవి ఇది. ఇటలీ బూటు తన్నబోతున్న బంతిలా ఉంటుంది మ్యాపులో. విమానంలో దిగొచ్చు గానీ నేను రైల్లోనే వెళ్ళాను. జలసంధి దగ్గర రైలుపెట్టెల్ని విడదీసి, పట్టాలున్న ఓడలోకి తోసి, అవతల మెస్సీనాలో దింపి మళ్ళీ జోడిస్తారు. ఇరుకైన చోట సముద్రం మూడు కిలోమీటర్లే. వంతెన మాటలు మాత్రం తరాలుగా నడుస్తున్నాయి.

మెస్సీనాలో పాత భవనాలు పెద్దగా కనిపించవు. 1908 డిసెంబరు 28 తెల్లవారుజామున 5.20కి భూకంపం, వెనకే సునామీ. రెండు ఒడ్డుల్లోనూ కలిపి పోయినవాళ్ళు తక్కువలో తక్కువ 75 వేలు. కెథడ్రల్ గంటగోపురం మీద 1933 నాటి యంత్ర గడియారం ఉంది. మధ్యాహ్నం పన్నెండింటికి సింహం గర్జిస్తుంది, కోడి కూస్తుంది. కింద జనమంతా ఫోన్లు పైకెత్తి నిలబడతారు. నన్ను పట్టుకున్నది అది కాదు. భూకంప బాధితులకని తాత్కాలికంగా వేసిన షెడ్లతో మొదలైన బస్తీలు ఒక శతాబ్దం దాటినా పోలేదు. వాటిని తీసేసి జనానికి ఇళ్ళివ్వడానికి 2021లో రోమ్ ప్రభుత్వం ప్రత్యేకంగా చట్టం చెయ్యాల్సొచ్చింది. అక్కడ పుట్టి, పెళ్ళిళ్ళు చేసుకుని, అక్కడే ముసలివాళ్ళయ్యారు. ‘తాత్కాలికం’ అంటే ఏమిటో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు లెండి.

అక్కణ్ణించి తీరం వెంట దక్షిణానికి వస్తే కతానియా. ఊరి నెత్తిన ఎట్నా అగ్నిపర్వతం. 1669లో లావా ఊరి మీదకొచ్చింది. సముద్రం ఒడ్డున కట్టిన ఉర్సీనో కోట చుట్టూ పారి, తీరాన్నే అవతలికి నెట్టేసింది. ఇప్పుడా కోట ఊరి మధ్యలో, సముద్రం కనపడకుండా ఉంది! 1693 జనవరి 11న భూకంపం మిగిలిందీ కూల్చేసింది. బతికినవాళ్ళు ఆ లావా రాయినే చెక్కి మళ్ళీ ఊరు కట్టుకున్నారు. భవనాలు నలుపు, చౌకులోని ఏనుగు బొమ్మ కూడా నలుపే.

సిరాకూజా ఆర్కిమెడీస్ ఊరు. అక్కడి కెథడ్రల్ ఒకప్పటి అథీనా గుడి. రెండున్నర వేల ఏళ్ళ నాటి గ్రీకు స్తంభాలు చర్చి గోడల్లోంచి పొడుచుకొచ్చి కనిపిస్తాయి. మధ్యలో మసీదు కూడా అయింది. చెయ్యి వేసి చూడొచ్చు, ఎవరూ ఏమీ అనరు.

ఇక రాజధాని పలెర్మో. నార్మన్ రాజు రెండో రోజర్ ప్రార్థనామందిరం పైకప్పు అరబ్బు పనితనం, గోడల మీద బైజాంటిన్ మొజాయిక్. ఇదొక్కటి చాలు ఈ ఊరు రావడానికి. అరంచీనా తినడం మాత్రం మర్చిపోకండి. కతానియాలో దాన్నే పుంలింగంలో ‘అరంచీనో’ అంటారు, ఆ తగువు ఇంకా తెగలేదు.

మాఫియా సంగతి చెప్తానన్నాను కదా. తుపాకుల కథలు అందరికీ తెలుసు. 1950, 60లలో మాఫియా, రాజకీయ నాయకులు, బిల్డర్లు కలిసి పలెర్మోలో తోటల్ని, అందమైన పాత విల్లాల్ని పడగొట్టి అపార్ట్‌మెంట్లు లేపారు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు ‘పలెర్మో దోపిడీ’. ఆర్కిటెక్ట్ ఎర్నెస్టో బసీలే కట్టిన డెలియెల్లా విల్లాని 1959లో ఒక శనివారం సాయంత్రం కూల్చడం మొదలుపెట్టారు. తీరా అక్కడ అపార్ట్‌మెంట్లూ లేవలేదు. ఆ స్థలం కార్ల పార్కింగ్ అయింది. నేను వెళ్ళిన రోజు ఖాళీ లేదు.