ఆ ముక్క దానికి పెట్టొద్దు

ఈస్టర్ దగ్గరపడిందంటే ఐర్లండ్‌లోని కార్క్‌లో ఏ సూపర్ మార్కెట్‌కి వెళ్లినా గుమ్మంలోనే చాక్లెట్ గుడ్లు గుట్టలుగా ఎదురవుతాయి. స్కూల్లో ఒకటి ఇస్తారు, పక్కింటివాళ్లు ఒకటి తెస్తారు, ఆఫీసు నుంచి ఇంకొకటి వస్తుంది. పిల్లలున్న ఇంట్లో వారం తిరిగేసరికి అవి సోఫా పక్కనా, మంచం కిందా, స్కూలు బ్యాగుల్లోనూ తేలతాయి. అన్నీ కుక్క మూతికి అందే చోట్లే.

కార్క్‌లోని హాలీహిల్‌లో 1980లో ఆపిల్ అడుగుపెట్టాక ఈ ఊరికి దేశదేశాల వాళ్లొచ్చారు. ఐటీకీ, ఆసుపత్రులకీ వచ్చిన మన తెలుగువాళ్లూ వారిలో ఉన్నారు. ఇల్లు కొనుక్కుని, పిల్లలు అడిగారని కుక్కను తెచ్చుకున్నవాళ్లున్నారు. ఏడాదికి 20 యూరోల లైసెన్సు కడతారు, మైక్రోచిప్ వేయిస్తారు. తిండి దగ్గరకొచ్చేసరికి మాత్రం ఊరి అలవాటు బయటికొస్తుంది. మనం తినేదాంట్లోంచి దానికో ముద్ద పెడితేగానీ మనసొప్పదు. పల్లెలో ఆ ముద్ద పెరుగన్నం. ఇక్కడ సోఫాలో కూర్చున్న పిల్లవాడి చేతిలో ఉన్నది చాక్లెట్.

కోకో గింజలో థియోబ్రోమిన్ అనే పదార్థం ఉంటుంది. కాఫీలోని కెఫీన్‌కి దగ్గర చుట్టం. మన ఒంట్లో ఇది ఏడెనిమిది గంటల్లో సగానికి తగ్గిపోతుంది. కుక్క ఒంట్లో సగం తగ్గడానికే పదిహేడు గంటలకు పైగా పడుతుంది. మూత్రాశయంలోకి చేరింది కూడా మళ్లీ రక్తంలోకి పీల్చుకుపోతుంది. అంతసేపూ గుండెనీ నరాలనీ అది తరుముతూనే ఉంటుంది. కార్క్ శివార్లలోని కరహీన్ పార్క్ గ్రేహౌండ్ స్టేడియం గురించి ఇక్కడివాళ్లందరికీ తెలుసు. అలాంటిచోట పరుగెత్తే పందెం కుక్కల డోపింగ్ పరీక్షల్లో థియోబ్రోమిన్ నిషేధిత పదార్థం. గుండెని పరుగెత్తించే గుణం ఉండబట్టే ఆ నిషేధం.

ఎంత తింటే ప్రమాదం? కిలో బరువుకి 20 మిల్లీగ్రాములు దాటితే వాంతులు, విరేచనాలు, విపరీతమైన దాహం మొదలవుతాయి. 40, 50 దగ్గర గుండె లయ తప్పుతుంది. 60 దాటితే ఫిట్స్. ఈ లెక్కని ఇంట్లో ఉన్న చాక్లెట్‌కి అన్వయిస్తే అసలు తేడా తెలుస్తుంది. మిల్క్ చాక్లెట్ గ్రాములో సుమారు 2 మిల్లీగ్రాముల థియోబ్రోమిన్ ఉంటే, 70 శాతం పైబడిన డార్క్ చాక్లెట్‌లో 8 వరకూ ఉంటుంది. కేకుల్లో వాడే కోకో పొడిలో 20 పైనే. పది కిలోల కుక్కకి వంద గ్రాముల మిల్క్ చాక్లెట్‌తో కనిపించే లక్షణాలు పాతిక గ్రాముల డార్క్ చాక్లెట్‌తోనే కనిపిస్తాయి. కోకో పొడి అయితే పది గ్రాములు చాలు. మూడు కిలోల పొమేరేనియన్ సంగతి చెప్పనే అక్కర్లేదు, దానికి డార్క్ చాక్లెట్ ఒక్క బిళ్ల ఎక్కువే. తెల్ల చాక్లెట్‌లో థియోబ్రోమిన్ దాదాపు ఉండదు కానీ, అందులోని కొవ్వు క్లోమగ్రంథి వాపు తెచ్చిపెట్టగలదు.

తోటపని ఇష్టమున్నవాళ్లకి ఇంకో మాట. మొక్కల మొదళ్లలో కలుపు రాకుండా పరిచే కోకో గింజల పొట్టు ఐరోపా దేశాల్లో అమ్ముతారు. ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో కొబ్బరి తోటల నీడన కోకో పెంచే ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకి ఆ కోకో వాసన చిన్ననాటిది. కుక్కకి అది తినాలనిపించే వాసన. ఆ పొట్టులోనూ థియోబ్రోమిన్ ఉంటుంది. కుక్క తిరిగే పెరట్లోకి దాన్ని తేవద్దు.

2012 నుంచి 2017 దాకా బ్రిటన్‌లోని 229 పశువైద్యశాలల రికార్డులను లివర్‌పూల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పరిశీలించారు. మామూలు రోజులతో పోలిస్తే చాక్లెట్ తిన్న కుక్కలు వెట్ దగ్గరికి రావడం క్రిస్మస్‌కి నాలుగు రెట్లకు పైగా, ఈస్టర్‌కి రెండు రెట్లు ఎక్కువని తేలింది. పండగ పూట ఇంటినిండా బంధువులు, టేబుల్ నిండా మిఠాయిలు, కుక్క మీద ఎవరి కన్నూ లేని సమయం. ఈ లెక్క వెనక కారణం అదేనని నాకనిపిస్తుంది.

అందరూ పొరబడేది సమయం దగ్గర. తిన్న గంటకి కుక్క తోక ఊపుతూ ఆడుకుంటుంటుంది. ఏం కాలేదులే అనుకుని పడుకుంటారు. లక్షణాలు బయటపడేది సాధారణంగా ఆరు నుంచి పన్నెండు గంటల మధ్య. అంటే సాయంత్రం తిన్నదానికి అర్ధరాత్రి దాటాక ఫలితం కనిపిస్తుంది. మూడు రోజుల వరకూ ఉండొచ్చు. దీనికి విరుగుడు మందు లేదు. తిన్న కొద్దిసేపట్లోనే తీసుకెళ్తే వెట్ ఇంజెక్షన్‌తో వాంతి చేయించి, బొగ్గు పొడి మందు పట్టి, సెలైన్ ఎక్కిస్తారు. అంత త్వరగా వచ్చిన కుక్కల్లో చాలావరకు కోలుకుంటాయి. ఇంట్లో ఉప్పునీళ్లు తాగించి కక్కించాలని మాత్రం చూడకండి. ఆ ఉప్పే ప్రాణం తీయగలదు.

చాక్లెట్‌తోనే ఆగితే మన వంటిల్లు తప్పించుకున్నట్టవుతుంది. ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కల మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. హాలోవీన్‌కి ఇక్కడివాళ్లు తినే బార్మ్‌బ్రాక్ అనే తీపి రొట్టె నిండా కిస్‌మిస్‌లే, మన పాయసంలోనూ అవే. ద్రాక్షలోని టార్టారిక్ ఆమ్లమే కారణమని అమెరికాలో జంతు విషవైద్యులు 2021లో ప్రతిపాదించారు. మరుసటి ఏడు వెలువడిన వ్యాసంలో చింతపండు తిని మూత్రపిండాలు దెబ్బతిన్న కుక్కల వివరాలూ ఉన్నాయి. చింతపండులోనూ ఆ ఆమ్లమే మెండు. పులిహోర, పులుసన్నం దానికి పెట్టకండి. ఉల్లి, వెల్లుల్లి రక్తకణాలను చెడగొడతాయి. చక్కెర లేని చూయింగ్ గమ్‌లో వేసే జైలిటాల్ చాక్లెట్ కంటే వేగంగా ముంచుతుంది.

కుక్కను ఇంటి మనిషిలా చూసుకునేవాళ్లు ఈ రాత్రే రెండు సంగతులు కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి. ఒకటి కుక్క బరువు, రెండోది మీ క్లినిక్ మూసేశాక ఫోన్ చేయాల్సిన నంబరు. చాక్లెట్ తిందని తెలిస్తే రేపర్ పారేయకుండా చేతిలో పట్టుకుని, ఏ రకం, ఎంత, ఎప్పుడు అన్నది చెప్పండి. లక్షణాల కోసం ఎదురుచూడకుండా ఆ క్షణమే ఫోన్ చేయండి.